బోదురుకప్ప చర్మం – పాఠపరిష్కరణదృష్టి: కృష్ణాడెల్టా మండూకపాఠాలు, టైగరినిన్ల పరిశోధనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో కప్ప నిత్యం కనిపించే, వినిపించే ప్రాణి. సామెత, శాస్త్రన్యాయం, వానకోసం చేసే కప్పతల్లి ఆచారం, కూచిపూడివారి మండూకశబ్దం – అన్నిటిలోనూ దానికి చోటుంది. అయితే ఈ పాఠాలన్నీ కప్ప గొంతును, గెంతును పట్టించుకున్నంతగా దాని చర్మాన్ని పట్టించుకోలేదు. డెల్టా వరిచేలలో నివసించే బోదురుకప్ప జాతి చర్మస్రావాల నుంచి హైదరాబాదు శాస్త్రవేత్తలు నాలుగు సూక్ష్మజీవనిరోధక పెప్టైడ్లను వేరుచేసి 2001లో ప్రకటించారు. ఈ విషయాన్ని తెలుగులో చెప్పవలసివచ్చినప్పుడు అర్థంకాని పరిభాష ఒకవైపు, ‘దివ్యౌషధం’ అనే అతిశయోక్తి మరొకవైపు అడ్డువస్తాయి. ఈ రెంటికీ భిన్నంగా తెలుగువారికి చిరపరిచితమైన పాఠపరిష్కరణశాస్త్రం ఆ పరిశోధనను అర్థం చేసుకోవడానికీ, విమర్శించడానికీ తగిన మార్గమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోదురుకప్ప, మండూకశబ్దం, టైగరినిన్, మాస్ స్పెక్ట్రోమెట్రీ, పాఠపరిష్కరణ, శాస్త్రపరిభాష, కృష్ణాడెల్టా.

1. ఉపోద్ఘాతం

కృష్ణమీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయిన తరవాత దిగువ డెల్టా నీటికాలువల దేశమైంది. కాలువలకు నీరు వదలడం, తొలకరి పడడం, నారుమళ్లు తడవడం దాదాపు ఒకే ఋతువులో జరుగుతాయి. వేసవి పొడవునా నేలపొరల్లో దాగి ఉండే బోదురుకప్పలు అప్పుడే బయటికి వస్తాయి. ఆ దినాల్లో మగకప్పల ఒళ్లు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. గొంతుకు రెండువైపులా నీలిసంచులు ఉబ్బుతాయి. బందరు నుంచి గుడివాడ వరకు, పులిగడ్డ దాటి అవనిగడ్డ వరకు తొలకరిరాత్రి ఈ అరుపు విననివారు అరుదు.

జంతుశాస్త్రవేత్తలు ఈ కప్పను మొదట ‘రాణా టైగెరినా’ అన్నారు; ఇప్పటి పేరు ‘హోప్లోబట్రాకస్ టైగెరినస్’. కళాశాలల్లో ఇంటర్మీడియట్, డిగ్రీ జంతుశాస్త్ర విద్యార్థులు తరతరాలుగా మైనపు పళ్లెంలో సూదులు గుచ్చి కోసిన కప్ప ఇదే. ఆ కోతలో మొదటిపని చర్మాన్ని కత్తిరించి పక్కకు మడవడం. గుండె, కాలేయం, నాడులు పాఠం. చర్మం ఆ పాఠానికి అట్ట మాత్రమే. ఆ అట్టమీదే అసలు రాత ఉందని తరవాతికాలపు పరిశోధన చూపించింది. సాహిత్యవిద్యార్థికి ఈ సంగతి ఆసక్తి కలిగించాలి. ఒక ప్రాణిని ఒక సంస్కృతి ఎలా చదివింది, ఏమి చదవకుండా వదిలింది, వదిలినదాన్ని మరొక శాస్త్రం ఏ పద్ధతిలో చదివింది అన్నవి విమర్శకు సంబంధించిన ప్రశ్నలే.

2. డెల్టా పాఠాల్లో కప్ప

2.1. సామెతలు, న్యాయాలు

తెలుగు నుడికారంలో కప్పకు దక్కిన స్థానం గౌరవప్రదమైనది కాదు. లోకం తెలియనివాడు ‘నూతిలో కప్ప’. సూటిగా బదులివ్వనివాడి మాట ‘కప్పదాటు’. ఒకచోట నిలవని గుంపు ‘కప్పల తక్కెడ’. తప్పించుకోలేని ఆపదలో ఉన్నవాడు ‘పాము నోట్లో కప్ప’. వీటిలో మొదటిది కప్ప నివాసాన్నీ, రెండు మూడు దాని గెంతునూ, నాలుగోది దాని నిస్సహాయతనూ ఆధారం చేసుకున్నాయి. వ్యాకరణశాస్త్రం సైతం గెంతునే గ్రహించింది. పై సూత్రంలోని పదం నడుమనున్న సూత్రాలను విడిచి కింది సూత్రంలోకి అనువర్తించడాన్ని ‘మండూకప్లుతి’ అంటారు. ఋగ్వేదం ఏడవ మండలంలోని 103వ సూక్తం కప్పల అరుపును వేదపఠనంతో పోల్చింది. అక్కడినుంచి తెలుగు ప్రబంధాల వర్షర్తువర్ణనల దాకా కప్ప అంటే ప్రధానంగా గొంతు.

నాలుగో నుడికారం ప్రత్యేకంగా గమనింపదగినది. ‘పాము నోట్లో కప్ప’ అన్నప్పుడు కప్పకు రక్షణ లేదన్నది దానిలోని అంతరార్థం. కోర, కొమ్ము, గోరు, పొలుసు లేని ప్రాణి గనుక ఈ నిర్ధారణ సహజం. కంటికి కనిపించే శత్రువు విషయంలో ఇది చాలావరకు నిజం కూడా. కంటికి కనిపించని శత్రువు విషయంలో మాత్రం ఇది తప్పుడు పాఠం.

2.2. కప్పతల్లి

వానలు వెనకపట్టినప్పుడు రోకలికి వేపమండలతోపాటు కప్పను కట్టి ఇంటింటికీ తిప్పే ఆచారం తెలుగునాట పలుచోట్ల ఉంది. ప్రతి ఇంటివారూ దానిమీద నీళ్లు పోస్తారు. జానపదవిజ్ఞాన అధ్యయనంలో దీన్ని సాధారణంగా సదృశమాంత్రికతగా వివరిస్తారు: కప్ప తడిస్తే నేల తడుస్తుంది. ఈ వివరణ సరైనదే గాని పూర్తి కాదు. నీళ్లు పోయడం ఆ ప్రాణికి సంబంధించిన ఒక యథార్థపరిశీలనను కూడా నిలుపుకొంది. కప్ప నోటితో నీరు తాగదు; చర్మంతోనే పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంతభాగం కూడా తడిచర్మం ద్వారానే సాగుతుంది. చర్మం ఎండితే కప్ప చనిపోతుంది. కప్ప చర్మాన్ని పట్టించుకున్న మౌఖికసంప్రదాయం ఏదైనా ఉందంటే అది ఇదే. అయినా ఇక్కడ కూడా చర్మం నీటికి పాత్ర మాత్రమే. దానినుంచి ఏదో వెలువడుతుందన్న ఊహ లేదు.

2.3. మండూకశబ్దం

మొవ్వ మండలంలోని కూచిపూడి అగ్రహారం నుంచి వచ్చిన నాట్యసంప్రదాయంలో దశావతారశబ్దం, రామాయణశబ్దం వంటివాటితోపాటు మండూకశబ్దం ప్రసిద్ధం. కప్ప సుందరాంగిగా మారడం, ఆమె మందోదరి కావడం, రావణుడు ఆమెను మోహించడం దీని ఇతివృత్తం. వాల్మీకి ఉత్తరకాండలో మందోదరి మయుని కూతురు. కప్ప నుంచి పుట్టిందన్న కథ ఆ తరవాతి పురాణ, జానపద సంప్రదాయాలది.

ఈ శబ్దం నర్తకికి ఇచ్చే అవకాశం విలక్షణమైనది. వంగిన మోకాళ్లతో, విప్పారిన వేళ్లతో కప్పను అభినయించిన దేహమే మరుక్షణంలో సౌందర్యవతిగా నిలవాలి. ప్రేక్షకుని ఆనందం ఆ రెండింటి మధ్యనున్న దూరంలో ఉంది. అంటే కప్పదేహం ఇక్కడ విడిచిపెట్టవలసిన తొడుగు. తొడుగు పోతేనే సౌందర్యం కనిపిస్తుంది. సామెత కప్పను చులకన చేస్తే, శబ్దం కప్పకు విముక్తి ఇస్తుంది. కాని రెండూ ఆ చర్మంలో విలువైనది ఏదీ లేదనే భావం మీదే నిలబడ్డాయి. నాట్యకళ దృష్టితో ఇది లోపం కాదు. ఒక సంస్కృతి ఊహలోని ఖాళీకి మాత్రం ఇది సాక్ష్యం.

3. చర్మం: హైదరాబాదులో చదివిన పాఠం

ఉభయచరాల చర్మంలో ప్రధానంగా రెండురకాల గ్రంథులుంటాయి. శ్లేష్మగ్రంథులు చర్మాన్ని తడిగా, జిగటగా ఉంచుతాయి. రెండోరకం కణికాగ్రంథులు, పాఠ్యపుస్తకాల్లో వీటికే ‘విషగ్రంథులు’ అని పేరు. భయం, గాయం, అడ్రినలిన్ ప్రేరణ కలిగినప్పుడు ఇవి తమలోని సరుకును చర్మంమీదికి వదులుతాయి. బురదనీటిలో, కోట్లాది సూక్ష్మజీవుల మధ్య, పలుచని తడిచర్మంతో బతికే ప్రాణి కుళ్లిపోకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ స్రావంలో ఉంది.

1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ ఆఫ్రికా కప్ప ఒకదాని చర్మం నుంచి ‘మగైనిన్’లను కనుగొన్నాడు. శస్త్రచికిత్స చేసి మామూలు తొట్టినీటిలో వదిలిన కప్పల గాయాలు చీముపట్టకుండా మానడం ఆయన దృష్టిని ఆకర్షించింది. ఆ తరవాత ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కప్పజాతుల స్రావాలు పరీక్షకు వచ్చాయి. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ తదితరులు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సహకారంతో బోదురుకప్పను ఎంచుకున్నారు. అడ్రినలిన్ ప్రేరణతో సేకరించిన చర్మస్రావం నుంచి నాలుగు పెప్టైడ్లను వేరుచేసి 2001లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించారు. కప్ప జాతినామాన్ని బట్టి వాటికి ‘టైగరినిన్లు’ అని పేరుపెట్టారు.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి గొలుసుగా కూడిన అణువు. టైగరినిన్లలో 11 లేదా 12 అమైనో ఆమ్లాలే ఉన్నాయి. రెండు సిస్టీన్లు గంధకబంధంతో ముడిపడి తొమ్మిది అమైనో ఆమ్లాల వలయం ఏర్పడుతుంది. డెల్టాలో తలుపుకు వేసే తాళాన్ని ‘తాళంకప్ప’ అంటారు. ఈ బంధం అటువంటి తాళమే. అంతవరకు తెలిసిన ఉభయచర పెప్టైడ్లలో ఈ కట్టు లేదు. మగైనిన్ వంటివి బాక్టీరియా పొరను తాకినప్పుడు మెలికగా చుట్టుకుంటాయి. టైగరినిన్లు అలా కావు. ధనావేశం కలిగి ఉండి, ఋణావేశం గల బాక్టీరియా పొరకు తూట్లు పొడుస్తాయి. మెలిక తిరగని ఉభయచర సూక్ష్మజీవనిరోధక పెప్టైడ్లలో ఇవే అతి చిన్నవని ఆ పరిశోధకులు పేర్కొన్నారు.

4. తూకం, ఛందస్సు: పరిష్కరణపద్ధతిగా మాస్ స్పెక్ట్రోమెట్రీ

ఈ పరిశోధనలోని కీలకఘట్టం పెప్టైడును కనుగొనడం కాదు, చదవడం. పదకొండు అక్షరాలున్న ఒక మాట ఉందని తెలిసింది. ఆ అక్షరాలేమిటి, ఏ వరుసలో ఉన్నాయి? ఇది పాఠపరిష్కర్త ప్రశ్న.

తెలుగులో ఈ ప్రశ్నకు డెల్టాతో గట్టి సంబంధం ఉంది. 1820లలో మచిలీపట్నంలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ పలు తాళపత్రప్రతులను సరిపోల్చి వేమన పద్యాలను 1829లో అచ్చువేయించాడు. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో 1888లో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి శిథిలప్రతుల నుంచి తెలుగు కావ్యాలను, చాటువులను ఉద్ధరించడానికి జీవితాన్ని వెచ్చించారు. వారి పనిలో మూడు మెట్లున్నాయి: ప్రతులను సంపాదించడం, పాఠభేదాలను తూచడం, నిలిపిన పాఠాన్ని నిరూపించడం. టైగరినిన్ల పరిశోధనలోనూ ఈ మూడు మెట్లే కనిపిస్తాయి.

మాస్ స్పెక్ట్రోమెట్రీ స్థూలంగా అణువులను తూచే విద్య. అణువుకు విద్యుదావేశం ఇచ్చి శూన్యంలో నడిపిస్తే, దాని ద్రవ్యరాశికీ ఆవేశానికీ గల నిష్పత్తిని బట్టి దాని తూకం తెలుస్తుంది. పెప్టైడుల వంటి పెళుసైన అణువులను చెడగొట్టకుండా ఆవేశపరిచే పద్ధతులను రూపొందించినందుకు జాన్ ఫెన్, కొయిచి తనాకాలకు 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. తూచిన అణువును ముక్కలుచేసి, ఆ ముక్కలను మళ్లీ తూస్తే ఒక్కొక్క ముక్కకూ నడుమ ఉన్న తేడా ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని పట్టిస్తుంది.

ఛందస్సు తెలిసినవారికి ఈ లెక్క కొత్తది కాదు. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలుండాలి. ప్రతిలో 19 ఉంటే ఎక్కడో ఒకటి జారిందని అర్థం తెలియకముందే తెలుస్తుంది. టైగరినిన్–1ను ఇలాగే లెక్కించవచ్చు. వరుసగా ఫినైల్ అలనిన్ 147, సిస్టీన్ 103, థ్రియోనిన్ 101, మెథియోనిన్ 131, ఐసోల్యూసిన్ 113, ప్రోలిన్ 97, ఐసోల్యూసిన్ 113, ప్రోలిన్ 97, ఆర్జినిన్ 156, సిస్టీన్ 103, టైరోసిన్ 163. వీటి మొత్తం 1324. గొలుసు రెండు కొసల వద్దా మిగిలే నీటి అంశానికి 18 కలిపితే 1342. అక్షరాలను బట్టి రావలసిన తూకం ఇది. అణువు తూగేది మాత్రం సుమారు 1339. తగ్గిన మూడు ప్రమాణాలు లేఖకదోషం కాదు, సమాచారం. తాళం పడినప్పుడు రెండు హైడ్రోజన్లు పోతాయి, 1340. చివరి అమైనో ఆమ్లం కొస ఆమ్లరూపం వదిలి అమైడుగా మారితే మరొకటి తగ్గుతుంది, 1339. అక్షరాల్లో కనిపించని తాళమూ, తోకలోని మార్పూ తూకంలో ఇలా బయటపడతాయి.

అయితే తూకానికి ఒక పరిమితి ఉంది. ల్యూసిన్, ఐసోల్యూసిన్ రెండూ 113. ఒకే పరమాణువులు, ఒకే సంఖ్య. అమరిక మాత్రమే వేరు. పద్యంలో ఒక లఘువు చోట ఏ లఘువు ఉన్నా మాత్రల లెక్క కుదురుతుంది. ‘ప’యా ‘వ’యా అన్నది గణవిభజన చెప్పలేదు. టైగరినిన్లలో ఈ చిక్కు ఊహామాత్రమైనది కాదు. రెండు ప్రోలిన్ల నడుమ ఉన్న స్థానంలో టైగరినిన్–1లో ఐసోల్యూసిన్ ఉంది. మిగిలిన మూడింటిలో అదే స్థానంలో ల్యూసిన్ ఉంది. సాధారణమైన తూకం ఈ పాఠభేదాన్ని చూడలేదు. దీనికి మరొక సాక్ష్యం అవసరం. గొలుసు మొదటినుంచి ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని విడదీసి గుర్తించే ఎడ్మన్ పద్ధతి ఆ సాక్ష్యం. అది ల్యూసిన్‌నూ ఐసోల్యూసిన్‌నూ వేరుచేయగలదు. కాని తాళంపడిన సిస్టీన్‌ను అది నేరుగా చూడలేదు. కొసలోని అమైడును చెప్పలేదు. ఒక ప్రతిలో చెరిగిన చోటు మరొక ప్రతిలో స్పష్టంగా ఉన్నట్లే, ఈ రెండు పద్ధతుల లోపాలు వేరువేరు చోట్ల ఉన్నాయి. అందుకే పరిశోధకులు రెంటినీ వాడారు. తరవాత తాము చదివిన వరుస ప్రకారం పెప్టైడును ప్రయోగశాలలో రసాయనికంగా నిర్మించి నిర్ధారించుకున్నారు. ఇది పరిష్కర్తకు లేని భాగ్యం; పోయిన పాదాన్ని పూరించినవాడు కవిని అడిగి సరిచూసుకోలేడు.

టైగరినిన్–1లో తాళానికి రెండు చెవులైన సిస్టీన్లు 2, 10 స్థానాల్లో ఉన్నాయి. ఉత్పలమాలలో ప్రాస 2వ అక్షరం, యతి 10వ అక్షరం. ఇది యాదృచ్ఛికం, దీనిమీద ఏ వాదమూ కట్టకూడదు. అయినా ఒక వరుసలో కొన్ని స్థానాలు మిగిలినవాటికంటే ఎక్కువ బరువు మోస్తాయనీ, అక్కడ అక్షరం మారితే మొత్తం కట్టు సడలుతుందనీ తరగతిలో చెప్పడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది. ఇదే పరిశోధకబృందం 2002లో టైగరినిన్–1 అమరికలో మార్పులు చేసి, ఆ మార్పులవల్ల దాని పనితీరు ఎలా మారుతుందో పరీక్షించింది.

ఈ మధ్యకాలంలో మాస్ స్పెక్ట్రోమెట్రీ ఒక్కదానితోనే వందలకొద్దీ పెప్టైడ్లను చదివే వేగం వచ్చింది. ల్యూసినో ఐసోల్యూసినో తేలనిచోట ‘రెంటిలో ఏదో ఒకటి’ అని సూచించే ప్రత్యేకసంకేతాన్ని వాడే నియమం శాస్త్రంలో ఉంది. సందేహపాఠాన్ని సందేహపాఠంగానే ముద్రించే పరిష్కర్త నిజాయితీ ఇది. ఆ సంకేతాన్ని విడిచి తోచినదాన్ని వేసిన పట్టికలు, ‘స్వకపోలకల్పిత’ పూరణలతో నిండిన ముద్రణల వంటివే.

5. పరిభాష: కొన్ని సందేహాలు

ఈ విషయాన్ని తెలుగులో రాయబోయేవారికి అందుబాటులో ఉన్న మాటలు కొన్ని దారి తప్పిస్తాయి. ‘స్పెక్ట్రమ్’కు పాఠ్యగ్రంథాల్లో ‘వర్ణపటం’ స్థిరపడింది. కాంతి విషయంలో ఇది చక్కని మాట. ‘ద్రవ్యరాశి వర్ణపటమితి’ అన్నప్పుడు మాత్రం లేని రంగులను పాఠకుడు వెతుక్కుంటాడు. ప్రోటీన్‌కు వాడుకలో ఉన్న ‘మాంసకృత్తు’ ఆహారసందర్భంలో పుట్టింది. కండను పెంచేది అన్న స్ఫురణ దానిలో ఉంది. పదకొండు అమైనో ఆమ్లాలతో బాక్టీరియా పొరను తూట్లుపొడిచే అణువును ‘చిరుమాంసకృత్తు’ అనడం హాస్యాస్పదం. ‘విషగ్రంథి’ అన్న పేరు మరింత చిక్కుతెస్తుంది. ఒకే స్రావం బాక్టీరియాకు మృత్యువు, కప్పకు కవచం. ఎవరి పక్షాన నిలబడి పేరుపెడుతున్నామన్నది పేరులోనే తేలిపోతుంది.

ఇందుకు పరిష్కారం ప్రతి మాటకూ సంస్కృతసమాసం తయారుచేయడం కాదు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి కాలం నుంచీ తెలుగు శాస్త్రరచన ఈ పెనుగులాటలోనే ఉంది. పెప్టైడ్, అమైనో ఆమ్లం, మాస్ స్పెక్ట్రోమెట్రీ అన్న మాటలను యథాతథంగా తీసుకొని, క్రియలను మాత్రం తెలుగులో ఉంచడం మేలు: తూచడం, విడదీయడం, సరిపోల్చడం, తాళంపడడం, తూట్లుపొడవడం. నామవాచకం పరాయిదైనా క్రియ సొంతమైతే వాక్యం తెలుగవుతుంది.

6. ‘సంజీవని’ దోషం

రెండో ప్రమాదం అతిశయోక్తి. కప్పచర్మంలో మందు ఉందనగానే కథనం సంజీవని వైపు పరుగెత్తుతుంది. ఇది మండూకశబ్దం చేసిన పనికి ఆధునికరూపం: కప్ప మాయమై, దాని స్థానంలో అద్భుతసౌందర్యం ప్రత్యక్షం కావడం. వాస్తవం ఇంత సులువైనది కాదు. మగైనిన్ ఆధారంగా రూపొందించిన ‘పెక్సిగనాన్’ అనే లేపనానికి, మధుమేహరోగుల పాదపుండ్ల చికిత్సకోసం మనుషులమీద ప్రయోగాలు జరిగిన తరవాత కూడా 1999లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ ఆమోదం లభించలేదు. రక్తంలోని ఎంజైములు పెప్టైడ్లను త్వరగా తెగగొడతాయి, కొన్ని మనుషుల కణాలకు కూడా హానిచేస్తాయి, తయారీఖర్చు ఎక్కువ. పరీక్షనాళికలో బాక్టీరియాను చంపడానికీ, రోగిని బతికించడానికీ మధ్య చాలా దూరం ఉంది. కప్పను పుండుమీద రుద్దితే మానుతుందని ఈ పరిశోధన చెప్పదు. పచ్చిస్రావంలో ఎన్నో పదార్థాలు కలిసి ఉంటాయి; చర్మంమీద రోగకారకాలు కూడా ఉండవచ్చు.

ఈ సందర్భంలో పేర్లు గమనింపదగినవి. ‘మగైనిన్’ డాలు అనే అర్థంగల హీబ్రూ మాట నుంచి వచ్చింది. 2017లో ‘ఇమ్యూనిటీ’ పత్రికలో వెలువడిన పరిశోధనలో, కేరళకప్ప ఒకదాని స్రావం నుంచి దొరికి ఒక కోవకు చెందిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను నాశనం చేసిన పెప్టైడుకు ‘ఉరుమిన్’ అని పేరుపెట్టారు. కేరళవీరుల మెత్తని పొడవాటి ఖడ్గం ‘ఉరుమి’ దీనికి మూలం. ఒకటి డాలు, ఒకటి కత్తి. టైగరినిన్ మాత్రం ఆయుధం పేరు కాదు, కప్ప పేరు. ప్రతి దొరికిన చోటును బట్టి ప్రతిని పిలిచే పరిష్కర్తల అలవాటుకు ఇది దగ్గర. ఉరుమిన్‌లో ఒక ద్రావిడభాష మాట ప్రపంచశాస్త్రంలోకి ఎక్కింది, అది సంతోషించదగినదే. టైగరినిన్‌లో మూలప్రాణి గుర్తు చెరగలేదు. విమర్శదృష్టితో అది ఎక్కువ విలువైనది.

7. ప్రతి శిథిలమైతే

పరిష్కర్తకు ప్రతి ఎంత ముఖ్యమో, ఈ శాస్త్రానికి కప్ప అంత ముఖ్యం. ఒక కప్పజాతి పోతే దాని చర్మంలోని పాఠం పోతుంది. ఒక్క జాతి అంతరించినా ఏకైకప్రతి చెదలుపట్టినట్లే. బోదురుకప్ప ఇప్పటికి అంతరించిపోయే జాతుల్లో లేదు. కాని దాని చరిత్ర నిశ్చింతగా ఉండదగినది కాదు. విదేశీవిందులకోసం కప్పకాళ్ల ఎగుమతి ఎంతగా పెరిగిందంటే 1987లో భారతప్రభుత్వం దాన్ని పూర్తిగా నిషేధించవలసివచ్చింది. చేలలో పురుగులను తినే ప్రాణిని అమ్మి, పురుగుమందులు కొనడం అనే వైరుధ్యం ఆ నిషేధం వెనుక ఉన్న వాదాల్లో ఒకటి. కళాశాలల్లో కోతలను నిలిపివేసే దిశగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం తరవాత ఆదేశాలిచ్చింది. చర్మస్రావాన్ని కప్పను చంపకుండానే సేకరించవచ్చు గనుక, కోత పాఠంకంటే తూకపు పాఠం ఈ విషయంలో కూడా మెరుగైనది.

డెల్టాలో ప్రస్తుతప్రశ్న వేరు. గుడివాడ దగ్గర నందివాడలో వరిచేలు చేపలచెరువులయ్యాయి. బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో రొయ్యలచెరువులు విస్తరించాయి. బోదురుకప్ప గుడ్లు పెట్టేది తొలకరికి నిండి కొద్దివారాలు నిలిచే నిస్సారపు నీటిలో. అక్కడ తోకకప్పలను తినే చేపలుండవు. ఏడాది పొడవునా నిండి ఉండే చెరువు ఆ నీటికి బదులు కాలేదు. ఉప్పునీరు ఉభయచరాల పలుచని చర్మానికి సాధారణంగా సరిపడదు. చెరువులు పెట్టిన రైతును తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. గిట్టుబాటుకాని వరి నుంచి అతడు పక్కకు జరగడానికి కారణాలున్నాయి.

అయితే ఒక వైపరీత్యాన్ని చెప్పకుండా ఉండడం సాధ్యం కాదు. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయన్న కారణంతో భారతీయ రొయ్యల సరుకును యూరపు, అమెరికా దేశాలు తిప్పిపంపిన సందర్భాలున్నాయి. యాంటీబయాటిక్‌ల విచ్చలవిడి వాడకం వాటికి లొంగని బాక్టీరియాను పెంచుతుంది. అటువంటి బాక్టీరియాను ఎదుర్కొనే కొత్తమార్గాలకోసమే ప్రపంచం కప్పచర్మాలను చదువుతున్నది. ఒక పాఠం అవసరాన్ని పెంచే పనీ, ఆ పాఠపు ప్రతులను తగ్గించే పనీ ఒకే నేలమీద, ఒకే చెరువుగట్టున జరుగుతున్నాయి. ఇక్కడ ‘నూతిలో కప్ప’ ఎవరన్నది ఆలోచించవలసిన విషయం.

8. పోలికకు హద్దులు

పాఠపరిష్కరణతో పోలిక ఎంతదూరం వెళుతుందో చెప్పడం అవసరం. కావ్యానికి కర్త ఉంటాడు. పరిష్కర్త ఆ కర్త ఉద్దేశించిన పాఠంకోసం వెతుకుతాడు. పెప్టైడుకు కర్త లేడు, ఉద్దేశం లేదు. లక్షల ఏళ్ల పరిణామంలో బతకడానికి ఉపకరించిన వరుసలు మిగిలాయి. కావ్యంలో పాఠభేదం సాధారణంగా లేఖకుని పొరపాటు. టైగరినిన్లలో నాలుగు పాఠాలూ శుద్ధపాఠాలే. అందువల్ల పోలిక పద్ధతికి సంబంధించినదే గాని వస్తువుకు సంబంధించినది కాదు. ఈ హద్దును మరిస్తే ‘ప్రకృతి రాసిన కావ్యం’ వంటి అలంకారాలు వస్తాయి. అవి సంజీవని దోషానికి తోబుట్టువులు.

9. నిష్కర్షలు

డెల్టా మండూకపాఠాలు కప్ప గొంతును, గెంతును, నిస్సహాయతను గ్రహించాయి. కప్పతల్లి ఆచారం చర్మం తడి అవసరాన్ని గుర్తుంచుకుంది. మండూకశబ్దం చర్మాన్ని విడిచిపెట్టవలసిన తొడుగుగా భావించింది. చర్మం స్వయంగా అర్థవంతమైనదన్న ఊహ ఈ సంప్రదాయంలో లేదు.

హైదరాబాదు పరిశోధన ఆ ఖాళీని పూరించింది. దానిలోని ప్రధానవిజయం మందు కాదు, నమ్మదగిన పఠనం. తూకం ఒక సాక్ష్యం, ఎడ్మన్ పద్ధతి మరొక సాక్ష్యం, నిర్మాణం నిరూపణ. ఏ ఒక్కటీ తనంతట తాను చాలదు.

తెలుగు శాస్త్రరచన పరిభాషామౌనానికీ, అద్భుతకథనానికీ మధ్యమార్గం వెతుకుతున్నట్లయితే అది బ్రౌన్, వేటూరి వంటివారి పనిలో ఇప్పటికే ఉంది. తెలిసినదాన్ని తెలిసినంతమేరకు, సందేహాన్ని సందేహంగా చెప్పే పద్ధతి అది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలల్లో తెలుగుశాఖ, జంతుశాస్త్రశాఖ ఒకే కప్పునకింద ఉన్నాయి. ఛందస్సు చెప్పే అధ్యాపకుడు 1342, 1340, 1339 లెక్కను నల్లబల్లమీద వేయగలడు. జంతుశాస్త్ర అధ్యాపకుడు మండూకప్లుతిని ఉదాహరించగలడు. తొలకరిరాత్రి కిటికీ అవతల అరిచే ప్రాణిని గురించి ఆ విద్యార్థికి ఇప్పటివరకు రెండు వేరువేరు పాఠాలు అందుతున్నాయి. అవి ఒకే పాఠంగా అందడానికి ఆటంకం భాషలో లేదు.